దీపంలో నూనె పోసిందెవరు?

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఇక్కడ రెండు బెంచీలు ఖాళీగా ఉన్నాయి.

గ్రంథాలయం వాళ్లు నన్ను పిలిచి కాలం గురించి, ‘నేను’ అనుకోవడం గురించి, ఆడవాళ్ల గురించి కలిపి మాట్లాడమన్నారు. నేను తత్వశాస్త్రం చదువుకున్న మనిషిని కాను. 32 ఏళ్లు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పాను, అందులో సగానికి పైగా వ్యాకరణమే. అయితే ఈ ప్రశ్న నాకు మొదటిసారి తగిలింది వ్యాకరణం క్లాసులోనే. కాబట్టి అక్కడి నుంచే వస్తాను.

ఆ రోజు చిన్నయసూరి బాలవ్యాకరణంలో మహత్తులు, అమహత్తులు చెబుతున్నాను. సూరిగారు మహత్తు అంటే ఏమిటో చెప్పిన తీరు చూడండి. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు, ఈ మూడూ కానివి మహత్తులు. మగవాడంటే ఎవరో నేరుగా చెప్పలేదు. ఆడది కానివాడు, జంతువు కానివాడు, రాయి కానివాడు అన్నారు. ఉదాహరణలు బోర్డు మీద రాశాను. రాముడు వచ్చాడు. సీత వచ్చింది. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది. మూడో బెంచీలో ఒక అమ్మాయి లేచింది. పల్నాడు పల్లెటూరి నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. “అంటే మేడం, నేను వచ్చినా వచ్చిందే, నేనెక్కిన బస్సు వచ్చినా వచ్చిందేనా?” అంది.

క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్ల నవ్వలేదు. నా గురువులు నాకు చెప్పినట్టే నేనూ చెప్పాను, “అది భాష లక్షణమమ్మా, రాసుకో” అని. కూర్చోకుండా ఇంకో ప్రశ్న వేసింది. “మరి మేం నలుగురం కలిసి వస్తే?”

నలుగురు కలిసి వస్తే ‘వాళ్లు వచ్చారు’ అంటాం. ఆవులు నాలుగు వస్తే ‘అవి వచ్చాయి’ అంటాం. బహువచనంలో ఆడవాళ్లు ఆవులను, బస్సులను వదిలేసి మనుషుల్లోకి వచ్చేస్తారు. తెలుగులో ఒక్కతే ఉన్న ఆడమనిషి వ్యాకరణం ప్రకారం వస్తువుల జట్టు. ఇద్దరైతే మనుషుల జట్టు. ఎందుకిలా అంటే భాషాశాస్త్రజ్ఞులు ద్రావిడ భాషల చరిత్రలోకి తీసుకెళ్లి జవాబు చెబుతారు, అది సరైన జవాబే. పక్కనున్న తమిళంలో ‘అవళ్ వందాళ్’ అని ఆడమనిషికి వేరే క్రియ ఉంది. కన్నడంలో ‘అవళు బందళు’ ఉంది. మనకు లేదు. పెద్దావిడ వస్తే గౌరవంగా ‘ఆవిడ వచ్చారు’ అంటాం చూడండి, అప్పుడు కూడా ఆమెను మనిషిని చేయడానికి బహువచనం అరువు తెచ్చుకుంటున్నాం. అలాగని మన భాషను తిట్టుకోవడం నా ఉద్దేశం కాదు. ఈ భాషలోనే బతికాను, ఈ భాషే నాకు అన్నం పెట్టింది. కానీ ఆ పిల్ల రెండో ప్రశ్నను ఇన్నేళ్లుగా మోస్తున్నాను.

ఇప్పుడు కాలం దగ్గరికి వస్తాను.

మీ ఇంట్లో ఆడవాళ్లు కాలాన్ని దేనితో కొలుస్తారో ఎప్పుడైనా గమనించారా? మా ఇంట్లో గోడ గడియారం ముందు గదిలో ఉండేది, నాన్న కుర్చీకి ఎదురుగా. వంటింట్లోకి దాని చప్పుడు వినపడేది గానీ ముల్లు కనపడేది కాదు. అమ్మ కాలం పూటల్లో ఉండేది. పూట అంటే ఏమిటి? అది గంట కాదు, ఝాము కాదు. ఒక వంటకీ ఇంకో వంటకీ మధ్య ఉన్న జాగా. ‘పూట గడవడం’ అంటాం, ‘రెండు పూటలా తిండి’ అంటాం. తెలుగులో పూట అనే మాటలోనే అన్నం కుండ ఉంది. ఆ కుండ పొయ్యి మీద పెట్టే మనిషికి పూట ముగిసిందంటే ఇంకో పూట మొదలైందని అర్థం.

తీరిక అనే మాట కూడా చూడండి. తీరడం అంటే అయిపోవడం. బాకీ తీరింది, దాహం తీరింది. పని తీరితే వచ్చేది తీరిక. పొలం పని తీరుతుంది, కోతలు అయిపోతాయి. ఆఫీసు పని ఐదింటికి తీరుతుంది. వంట తీరదు. తోమిన గిన్నె తోమినట్టు ఉండదు. తీరే గుణం లేని పనిలో ఉన్నవాళ్లకు తీరిక ఎక్కడి నుంచి వస్తుంది? ‘నేనెవరు’ అని కూర్చుని ఆలోచించడానికి ముందు కావలసింది తీరిక. నేనెవరు అనే ప్రశ్న మీద గ్రంథాలు రాసినవాళ్లందరి వెనకా ఒక వంటిల్లు ఉంది. ఇది నిందగా అనడం లేదు, ఉన్న విషయం చెబుతున్నాను.

బౌద్ధంలో దీపం ఉపమానం ఒకటి ఉంది. మిళింద రాజు నాగసేనుడనే భిక్షువును అడుగుతాడు. పుట్టినప్పటి మనిషి, పెద్దయ్యాక ఉన్న మనిషి ఒకరేనా, వేరా అని. నాగసేనుడు తిరిగి ప్రశ్న వేస్తాడు. రాజా, రాత్రంతా ఒక దీపం వెలిగిందనుకో. మొదటి జాములో ఉన్న జ్వాల, నడిజాములో ఉన్న జ్వాల, తెల్లవారుజామున ఉన్న జ్వాల ఒకటేనా? కాదు. పోనీ వేర్వేరు దీపాలా? అదీ కాదు, ఆ దీపాన్ని పట్టుకునే వెలుగు రాత్రంతా సాగింది. మనిషి కూడా అంతే అంటాడు. ఒకడే అనడానికి లేదు, వేరొకడు అనడానికీ లేదు.

మనిషి గురించి ఇంతకంటే అందంగా చెప్పిన మాట నేను వినలేదు. చదివిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ నాకు ఒక్క సందేహం మిగిలిపోయింది. దీపం రాత్రంతా దానంతట అది వెలగదు కదా. కరెంటు పోయిన రోజుల్లో మేం లాంతరు ముందు చదువుకున్నవాళ్లం. మధ్యలో ఎవరో లేచి నూనె పోయాలి. వత్తి కొస నల్లబడితే ఎగదోయాలి. గాలికి కొంగు అడ్డం పెట్టాలి. మొదటి జాము జ్వాలకూ చివరి జాము జ్వాలకూ మధ్య ఒక మనిషి నిద్ర కాచుకుంది. ఆ మనిషి రాజు ప్రశ్నలో లేదు, భిక్షువు జవాబులో లేదు. మనిషి కాలంలో నిలిచి ఉండటం అనే తత్వమంతా ఒకరి జాగరణ మీద ఆధారపడి ఉంటే, ఆ జాగరణ చేసినవాళ్ల ‘నేను’ ఏమైనట్టు? ఇంట్లో అందరి దీపాలకూ నూనె పోస్తూ తిరిగిన మనిషి కాలం మాత్రం పూటలుగా తెగిపోతుంది.

మా అమ్మ 2011లో పోయింది. ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద పాత క్యాలెండర్లు దొరికాయి. చుట్టలు చుట్టి, పురికొస కట్టి పెట్టింది. మా చిన్నప్పుడు పుస్తకాలకు అట్టలు వేసేది వాటితోనే, అందుకే కొన్ని సంవత్సరాలు లేవు. ఉన్నవాటిలో ప్రతి తేదీ గడిలోనూ పాల లెక్క రాసి ఉంది. లీటరు, అరలీటరు, ‘రాలేదు’. అప్పుడప్పుడూ గ్యాస్ బండ వచ్చిన రోజు. మా తమ్ముడికి జ్వరం వచ్చిన రోజు. ఏ గడిలోనూ తన గురించి ఏమీ లేదు. నేల మీద పరుచుకుని ఒక్కొక్క కాగితమే చూస్తూ కూర్చున్నాను.

చాలాసేపటికి కనపడింది. నెలకొకసారి, ఒక గడి కింది మూలలో, పెన్సిల్‌తో గీసిన చిన్న ఇంటూ మార్కు. బియ్యపు గింజంత. మొదట పాలవాడి లెక్కేమో అనుకున్నాను. వేళ్లతో లెక్కపెట్టాను. 27 రోజులు, 28 రోజులు, 27. ఆ మార్కు ఉన్న రోజు నుంచి మూడు రోజులు పాల అంకెలు వేరే చేతిరాతలో ఉన్నాయి, నాన్నవి. మా ఇంట్లో ఆ మూడు రోజులు అమ్మ బయట కూర్చునేది. నాయనమ్మ పాలు పోయించుకుని నోటితో చెబితే నాన్న రాసేవారన్నమాట. ఇంటి లెక్క రాసుకునే కాగితం మీదే ఆమె తన ఒంటి లెక్క కూడా రాసుకుంది, ఎవరి కంటా పడకుండా. మాకెవరికీ తెలియదు. రోజూ ఆ క్యాలెండర్ చూసే సెలవులు లెక్కపెట్టుకునేవాళ్లం.

ఆ మూడు రోజులు ఆడవాళ్లకు విశ్రాంతి అని చెప్పేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. గుమ్మం అవతల చాప వేసి, విడిగా కంచం పెట్టి కూర్చోబెట్టడాన్ని విశ్రాంతి అనకూడదు. విశ్రాంతి మనం తీసుకునేది, మన మీద వేసేది కాదు.

1979 క్యాలెండర్‌లో ఆగస్టు తర్వాత ఆ మార్కులు లేవు. అప్పటికి అమ్మకు 41 ఏళ్లు. నేను హాస్టల్లో డిగ్రీ చదువుతున్నాను. దసరాకు ఇంటికి వచ్చేసరికి మంచం మీద ఉంది. “సంచి తీసేశారే, పీడ విరగడైంది” అంది. గుంటూరు జిల్లాలో ఆ మాట మీలో పెద్దవాళ్లు ఎంతమంది వినలేదు? నెలసరిలో ఎక్కువ పోతోందని వెళితే, ఇంక పిల్లలు అక్కర్లేదు కదా, ఉంచుకుని ఏం చేసుకుంటావమ్మా అన్నాడట డాక్టరు. ఆయన ఎవరో, ఏ ఊరో ఇప్పుడు అనవసరం. ఆ మాట అన్నది ఆయనొక్కడే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెలంగాణలో 7.7. అవసరమై చేసినవి ఉంటాయి. కానీ ఇంత తేడా ఒంటి జబ్బుల వల్ల రాదు. ఆడమనిషి శరీరానికి పని ఉన్నంతవరకే కాలం ఉంది, పని తీరాక తీసి పారేయొచ్చు అనే లెక్క వల్ల వస్తుంది. మా అమ్మకు ఒంట్లో ఒక గడియారం ఉండేది. ఆమెను అడక్కుండానే, అడిగినట్టుగా అడిగి, ఆపేశారు. తర్వాత 32 ఏళ్లు బతికింది. ఎముకల నొప్పులతో బతికింది.

సిమోన్ ద బొవార్ పేరు ఈ హాల్లో చాలామంది వినే ఉంటారు. 1949లో ఫ్రాన్సులో ఆవిడ రాసిన పుస్తకం రెండు తరాల ఆడవాళ్లను నిద్ర లేపింది. స్త్రీగా ఎవరూ పుట్టరు, స్త్రీగా తయారవుతారు అన్న ఆవిడ మాట ఇప్పటికీ గోడల మీద రాసుకుంటున్నాం. ఈ ‘తయారవడం’ అనే మాటలోనే కాలం ఉంది. ఒక్కరోజులో తయారవరు. ఒక్కో పూటా కలిసి తయారుచేస్తుంది. ఇంటిపని గురించి ఆవిడ చెప్పిందీ నాకు ఇష్టమే, కొండ మీదికి రాయిని దొర్లించే గ్రీకు కథలోని సిసిఫస్ శిక్షతో పోల్చింది. శుభ్రం చేసింది మళ్లీ మాస్తుంది, మళ్లీ శుభ్రం చేయాలి, ముందుకు పోయేదేమీ ఉండదు.

ఇక్కడ నేను ఆవిడతో పూర్తిగా ఏకీభవించలేను. తిరిగి తిరిగి చేసే పని అంతా వట్టిదే అంటే, దీపంలో నూనె పోయడం వట్టిది అనాలి. అది వట్టిదైతే దీపమే లేదు. సిసిఫస్ రాయి వల్ల ఎవరి కడుపూ నిండలేదు. అమ్మ వండిన అన్నం తిని మేం నలుగురం పెద్దవాళ్లమయ్యాం. ఆ పని మళ్లీ మళ్లీ చేయవలసి రావడం తప్పు కాదు, ప్రాణం ఉన్నచోట అది తప్పదు. ప్రతి రాత్రీ ఒక్కరినే లేవమనడం తప్పు. లేచినవాళ్ల పేరు లెక్కలో రాయకపోవడం తప్పు.

లెక్క అన్నాను కాబట్టి చెబుతాను. మన దేశంలో 2019లో మొదటిసారి దేశమంతటా సమయ వినియోగ సర్వే చేశారు. తెల్లవారుజామున నాలుగింటి నుంచి మర్నాడు నాలుగింటి దాకా, అరగంట అరగంటకీ ఏం చేశారని అడిగి రాసుకున్నారు. రోజు నాలుగింటికి మొదలవుతుందని పెట్టినవాళ్లకు మన ఇళ్ల సంగతి తెలుసు. జీతం లేని ఇంటిపని చేస్తున్నామని చెప్పిన ఆడవాళ్లు నూటికి 81 మంది, మగవాళ్లు 26 మంది. చేసేవాళ్లలో ఆడవాళ్లు సగటున రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. మళ్లీ 2024లో చేశారు. ఆడవాళ్లవి 289 నిమిషాలు, మగవాళ్లవి 88. మిక్సీలొచ్చాయి, వాషింగ్ మెషీన్లొచ్చాయి, ఆడవాళ్లకు పది నిమిషాలు మిగిలాయి. సంతోషమే. కానీ తీసివేత చేసి చూడండి. 2019లో తేడా 202 నిమిషాలు. 2024లో 201. ఐదేళ్లలో ఒక్క నిమిషం జరిగాం. ఈ అంకె చూసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

అరగంట గడిలో ఒక పని పడుతుంది, సర్వేలో రెండు మూడు పనులు రాసుకోవడానికి కూడా చోటు ఇచ్చారు. కానీ పొయ్యి మీద పాలు పెట్టి, పిల్లాడికి ఎక్కం అప్పచెప్పించుకుంటూ, మామగారు మందు వేసుకున్నారా లేదా అని చెవి అటు వేసిన మనిషి మనసు ఎన్ని గడుల్లో పడుతుంది? ఎప్పుడూ సగం చెవి ఇంకోవైపు పెట్టి ఉంచడం కూడా పనే. దానికి నిమిషాల్లో కొలత లేదు. మా అమ్మ నాతో మాట్లాడుతున్నప్పుడు కూడా పూర్తిగా నాతో లేదు. నేను ఉద్యోగంలో చేరి, పిల్లలు పుట్టాక నేనూ అంతే అయ్యాను. తెల్లవారి నాలుగింటికి లేచి రెండు గంటలు పీహెచ్‌డీ రాసుకునేదాన్ని. ఆ రెండు గంటల్లోనూ కుక్కర్ కూత కోసం టెన్షన్ పడుతూనే రాశాను. నా సిద్ధాంత గ్రంథంలో ఏ పేజీ దగ్గర ఆగానో, ఏ పేజీ దగ్గర మళ్లీ మొదలుపెట్టానో నాకు ఇప్పటికీ తెలుస్తుంది, అక్కడ వాక్యం తెగి ఉంటుంది.

1993లో విద్యార్థులను తీసుకుని నాగార్జునకొండకు విహారయాత్రకు వెళ్లాం. అమ్మను కూడా రమ్మన్నాను. “నేనెందుకే, పాలెవరు తీసుకుంటారు” అంది. బతిమాలి తీసుకెళ్లాను. విజయపురి సౌత్ దగ్గర లాంచీ ఎక్కాం. ఆ నీళ్ల కింద ఇక్ష్వాకుల రాజధాని మునిగి ఉంది. సాగర్ డ్యామ్ కడుతున్నప్పుడు లోయ మొత్తం తవ్వి, దొరికినవన్నీ కొండ మీదికి చేర్చారు. ఇప్పుడు ఆ కొండ కొస నీళ్ల మధ్య దీవిగా మిగిలింది.

అక్కడ మహాచైత్యం, అంటే పెద్ద బౌద్ధ స్తూపం, దాని స్తంభాల మీద శాసనాలున్నాయి. ప్రాకృత భాష, బ్రాహ్మీ లిపి, మూడో శతాబ్దం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు రాజ్యానికొచ్చిన ఆరో ఏట వేయించినవి. చైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది ఒక స్త్రీ, పేరు చాంతిసిరి. రాజులేమో వైదిక యజ్ఞాలు చేశారు, చాంతమూలుడు అశ్వమేధం కూడా చేశాడు. ఆ ఇంటి ఆడవాళ్లు బౌద్ధానికి దానాలిచ్చారు. ఒకే ఇంట్లో రెండు దారులు. ఆ సంగతి చదువుతున్నప్పుడల్లా ఆ ఇంట్లో సాయంత్రం పూట ఏం మాట్లాడుకునేవారో అనిపిస్తుంది నాకు.

అమ్మ స్తంభం ముందు నిలబడి “ఏం రాసుందే” అంది. చెప్పాను. చాంతమూల మహారాజు తోడబుట్టిన చెల్లెలు, మహాతలవరుడనే పెద్ద పదవిలో ఉన్న కందసిరి భార్య, ఖందసాగరుడి తల్లి అని ఉంది. అమ్మ కాసేపు ఊరుకుని, “ఆవిడ పేరు లేదూ?” అని అడిగింది. ఉందన్నాను, చాంతిసిరి. “పోనీలే, రాయించుకుంది” అంది.

మా అమ్మకు ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో నాకు తెలుసు. మా ఊళ్లో ఆమెను వినుకొండ పిన్ని అనేవాళ్లు, వినుకొండ అత్తయ్య అనేవాళ్లు. పుట్టింటి ఊరు పేరుతో పిలవడం మన పల్లెల్లో అలవాటు. ఒకే ఇంట్లో ముగ్గురు కోడళ్లుంటే మూడు ఊళ్ల పేర్లు వినపడతాయి. మగవాళ్లు నాన్న పేరుతో ఫలానా వారి ఆవిడ అనేవారు. పోస్ట్‌మాన్ మా అన్నయ్య పేరు చెప్పి వాళ్లమ్మగారు అనేవాడు. ఆమె అసలు పేరు రేషన్ కార్డు మీద ఉండేది, అందులో కూడా అచ్చుతప్పు.

ఇక్కడ ఒక మాట. సంబంధాలతో పిలవడం అవమానమని, అవన్నీ తెంచుకుంటేనే అసలు ‘నేను’ బయటపడుతుందని అనేవాళ్లున్నారు. నేను అలా అనుకోను. ఆ కొండ ఎవరి పేరు మోస్తోందో ఆ బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడే ఒక చిక్కు ప్రశ్న వేశాడు. తండ్రి వల్ల కొడుకు పుట్టాడు సరే, మరి కొడుకు పుట్టకముందు అతను తండ్రి ఎలా అయ్యాడు? ఎవరూ ఒక్కరుగా తమంతట తాము లేరు, ఒకరిని బట్టి ఒకరు ఉన్నారు. అదే శాసనాల్లో రాజులను చూడండి, వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. తల్లి గోత్రం పేరుతో చెప్పుకున్నారు. అంతకుముందు శాతవాహనుల్లో గౌతమీపుత్రుడూ అంతే. అలాగని అది ఆడవాళ్ల రాజ్యమేం కాదు. కానీ రాజు కూడా ఒక తల్లికి కొడుకుగానే నిలబడ్డాడు. చాంతిసిరి చెల్లెలు, భార్య, తల్లి అనిపించుకుంటూనే స్తంభం నిలబెట్టింది నేనే అని రాయించింది. సంబంధాలున్నాయి, చేసిన పనీ ఉంది, పేరూ ఉంది. మా అమ్మకు మొదటిది మాత్రమే మిగిల్చాం.

బుద్ధుడి కాలపు భిక్షుణుల పాటలు పాళీలో ఉన్నాయి. అందులో ముత్త అనే ఆవిడ మూడు వంకరల నుంచి బయటపడ్డానంటుంది. రోలు, రోకలి, గూని మొగుడు. రెండువేల ఏళ్ల కిందటి మాట, రోటి పచ్చడి నూరిన ప్రతి చేతికీ అర్థమవుతుంది. అంబపాలి తన ముసలితనాన్ని తల నుంచి పాదం దాకా వర్ణించుకుంటుంది. తుమ్మెదల్లా నల్లగా ఉన్న జుట్టు జనపనారలా అయిందంటుంది. ఆడదాని ఒళ్లును కవులు వేలసార్లు వర్ణించారు, పదహారేళ్ల దగ్గర ఆపేసి. తన ఒంటి మీద కాలం నడిచిన దారిని తనే చూసి, దాచకుండా చెప్పిన ఆడమనిషి అంబపాలి. సన్యాసం తీసుకుంటే తప్ప వాళ్లకు ఆ తీరిక రాలేదు, అది నాకు బాధగానే ఉంటుంది. మనలో ఎంతమందిమి అన్నీ వదిలి వెళ్లగలం? వెళ్లవలసి రావడం ఎందుకసలు?

వదిలి వెళ్లకుండా కాలాన్ని తెచ్చుకున్నవాళ్లు నెల్లూరు జిల్లాలో ఉన్నారు. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి లాంతరు ముందు పలక పట్టుకుని కూర్చున్నారు. జీవితంలో మొదటిసారి రోజులో ఒక గంట తమ కోసం పెట్టుకున్నారు. ఆ గంటలో చదివిన పాఠాల్లో ఒకటి సారా గురించి. దూబగుంటలో ఆడవాళ్లు కలిసి వెళ్లి సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. ఊరి నుంచి ఊరికి పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. రెండేళ్లకు దాన్ని ఎత్తేశారు, ఆ కథ వేరు. నాకు ముఖ్యమనిపించేది ఆ రాత్రి గంట. మొదటిసారి లాంతర్లో నూనె తమ కోసం పోసుకున్నారు. అప్పటిదాకా ఒక్కొక్కతీ ‘అది తాగుబోతు పెళ్లాం, ఏడుస్తుందిలే’ అనిపించుకుంది. మర్నాడు పొద్దున దుకాణం ముందు నిలబడితే ఊరంతా ‘ఆడవాళ్లు వచ్చారు’ అంది. వచ్చారు. మహత్తు.

మా మూడో బెంచీ అమ్మాయి రెండో ప్రశ్నకు నాకు దొరికిన జవాబు అది. కానీ సగమే. బహువచనంలోకి వెళితేనే మనిషినా? ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఏమిటి నేను?

ఇంకా చాలా ఏళ్లకు గానీ తట్టలేదు, వ్యాకరణం చెప్పే మనిషిని అయ్యుండి కూడా. ‘వాడు వచ్చాడు, ఆమె వచ్చింది’ అని విడదీసే తెలుగు, ‘నేను వచ్చాను’ దగ్గర ఆ తేడా అడగదు. హిందీలో అయితే ‘నేను వచ్చాను’ అనాలన్నా ఆడో మగో ముందు తేల్చుకోవాలి. తెలుగులో మగవాడు అన్నా వచ్చాను, ఆడది అన్నా వచ్చాను. ‘నువ్వు వచ్చావు’ కూడా అంతే. ఎదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నంతసేపూ, మన గురించి మనం చెప్పుకుంటున్నంతసేపూ, మహత్తు అమహత్తు లేదు. మన వెనక ఇంకొకరు మన గురించి మాట్లాడినప్పుడే వస్తుంది.

అటక మీది క్యాలెండర్లలో 1993ది కూడా ఉంది. ఇంటూ మార్కులు లేని క్యాలెండర్. నవంబరు దాకా అన్ని గడుల్లోనూ పాలే. మేం నాగార్జునకొండకు వెళ్లిన ఆదివారం గడిలో లీటరూ లేదు, అరలీటరూ లేదు. చోటు చాలక అక్షరాలు పక్క గడిలోకి పోయాయి. పెన్సిల్ కాదు, పెన్నుతో రాసింది. “పాలు వద్దన్నాను. కొండ చూశాను.”